పెర్రీకి రెండు ముఖాలు

చైనా, జపాన్‌ల గురించి పిల్లలకు పాఠం చెప్పాలి. మరి ఆ చెప్పే టీచరుకు ముందు చెప్పేదెవరు? అమెరికాలో పాతికేళ్లు దాటిన ఓ ప్రయత్నం ఇప్పుడు ఆన్‌లైన్‌కు ఎక్కి, ఇంటర్‌నెట్‌ ఉన్న ఏ ఊరి టీచరుకైనా అందుతోంది. అక్కడేం నేర్పుతున్నారు, అందులో మన మాస్టార్లకు పనికొచ్చేదేమిటి?

తెర మీద పక్కపక్కనే రెండు బొమ్మలు. ఒకటి ఫొటో. నౌకాదళం యూనిఫాం, భుజాల మీద కుచ్చులు, బిగపట్టిన పెదవులు, ఎదుటివాళ్లను లెక్కచేయనట్టుండే చూపు. రెండోది జపాన్‌వాళ్ల చెక్క అచ్చుబొమ్మ. బారెడు ముక్కు, ముఖమంతా వెంట్రుకలు, జడిపించే కళ్లు. కనుపాపతో సరిపెట్టకుండా కంటిగుడ్డంతా నీలం పూసేశాడు చిత్రకారుడు. రెండింట్లో ఉన్నదీ ఒక్కడే. 1853 జులైలో నాలుగు యుద్ధనౌకలతో వచ్చి, ఎడో అఖాతం మొగలో ఉరగా దగ్గర లంగరేసి, జపాన్‌ తలుపు దబదబా బాదిన అమెరికా కమొడోర్‌ మాథ్యూ పెర్రీ.

ఈ బొమ్మలు మసాచుసెట్స్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ టెక్నాలజీ (ఎంఐటీ) నడిపే ‘విజువలైజింగ్‌ కల్చర్స్‌’ అనే వెబ్‌సైట్‌లోనివి. చరిత్రకారుడు జాన్‌ డోవర్‌, భాషాశాస్త్రవేత్త షిగెరు మియగావా కలిసి 2002లో దాన్ని మొదలుపెట్టారు. డోవర్‌ సామాన్యుడేం కాదు, ఓడిపోయిన జపాన్‌ మళ్లీ లేచి నిలబడిన తీరు మీద రాసిన పుస్తకానికి పులిట్జర్‌ అందుకున్నాడు. ఆయన చేసిన పని వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. ఒకే సంఘటనను అమెరికావాళ్లు వేసిన బొమ్మల్లోనూ, జపాన్‌వాళ్లు వేసిన బొమ్మల్లోనూ పక్కపక్కన పెట్టాడు. ఏది నిజం అన్న తీర్పు ఇవ్వలేదు. ఎవరు ఏం చూశారు, ఎందుకలా చూశారు అనేది టీచరుకే వదిలేశాడు.

1854లో పెర్రీ రెండోసారి వచ్చినప్పటి కానుకల ముచ్చటే చూడండి. అమెరికావాళ్లు అసలులో నాలుగో వంతు సైజున్న రైలింజను, పెట్టె, పట్టాలు తెచ్చి వేసి నడిపించారు. టెలిగ్రాఫ్‌ తీగలు లాగి చూపించారు. జపాన్‌వాళ్లు ఇచ్చిన కానుకల్లో బియ్యం బస్తాలు ఉన్నాయి. వాటిని సుమో మల్లయోధులు పూలబుట్టల్లా ఎత్తుకొచ్చారు. 1856లో అమెరికాలో అచ్చయిన అధికారిక నివేదిక రైలును నాగరికతగానూ, మల్లయోధులను మొరటుదనంగానూ చూసింది. అదే మల్లయోధులు జపాన్‌ బొమ్మల్లో దేశం బలానికి ఆనవాళ్లు. ఇక ఆ బుల్లి రైలు పెట్టెలో మనిషి పట్టడు కాబట్టి ఓ అధికారి దాని కప్పు మీదే కూచుని, అంగరఖా గాలికి ఎగురుతుంటే గుండ్రంగా చక్కర్లు కొట్టాడు. ఈ ఒక్క ముచ్చట చాలు, నలభై అయిదు నిమిషాల పీరియడ్‌ నిండిపోవడానికి. అయితే దాన్ని క్లాసుకు తెచ్చే టీచరుకు ముందుగా ఎవరో ఒకరు చూపించాలి. అసలు కథ అక్కడే ఉంది.

టీచరు దగ్గర ఆగిన చదువు

1957లో సోవియట్‌ రష్యా స్పుత్నిక్‌ను పైకి పంపేసరికి అమెరికాకు గుండె జారింది. మరుసటి ఏడాదే జాతీయ రక్షణ విద్యా చట్టం తెచ్చి, సైన్సుతో పాటు విదేశీ భాషలకూ ప్రాంతీయ అధ్యయనాలకూ డబ్బు గుమ్మరించింది. యూనివర్సిటీల్లో చైనా, జపాన్‌ చదువులు పెరిగాయి. ఆచార్యులు తయారయ్యారు, గ్రంథాలయాలు నిండాయి. కానీ ఆ జ్ఞానం బడి గేటు దాటి లోపలికి రాలేదు. ప్రపంచ చరిత్ర చెప్పాల్సిన స్కూలు టీచరు కాలేజీలో చదివింది ఎక్కువగా యూరప్‌ చరిత్రే. చైనా అనగానే గోడ, జపాన్‌ అనగానే సమురాయ్‌. మధ్యలో రెండు అణుబాంబులు. అంతటితో యూనిట్‌ పూర్తి.

ఈ లోటు పూడ్చడానికి స్టాన్‌ఫర్డ్‌ యూనివర్సిటీ 1976లో, కొలంబియా యూనివర్సిటీ 1977లో బడుల కోసం పాఠ్య సామగ్రి తయారుచేసే పని మొదలుపెట్టాయి. పెద్ద ఎత్తున కదలిక వచ్చింది మాత్రం 1998లో. ఫ్రీమన్‌ ఫౌండేషన్‌ డబ్బుతో, కొలంబియా, ఇండియానా, కొలరాడో, వాషింగ్టన్‌ యూనివర్సిటీలు, మసాచుసెట్స్‌లోని అయిదు కాలేజీల కూటమి కలిసి ‘నేషనల్‌ కన్సార్షియం ఫర్‌ టీచింగ్‌ అబౌట్‌ ఏషియా’ను ఏర్పాటు చేశాయి. టీచర్ల నోట దాని పేరు పొడి అక్షరాల్లో ఎన్‌సీటీఏ. ఫ్రీమన్‌ కుటుంబానికి ఆస్తి తెచ్చింది షాంఘైలో పుట్టిన బీమా వ్యాపారం. చైనాలో మొలిచిన డబ్బు చైనా గురించి చెప్పే టీచర్ల మీద ఖర్చయిందన్న మాట.

ఎన్‌సీటీఏ పద్ధతి తేలికైనదే అయినా గట్టిది. సుమారు ముప్పై గంటల సెమినార్‌. ఒక్క వారాంతంలో ముగించేయరు, కొన్ని వారాలు సాగదీస్తారు. చెప్పేవాళ్లు ఆ రంగంలో పండినవాళ్లు. పుస్తకాలు ఉచితం, పూర్తిచేసినవారికి కొంత పారితోషికం కూడా ఉండేది. ఊరికే విని వెళ్తే ఒప్పుకోరు. నేర్చుకున్నదాని మీద ప్రతి టీచరూ తన క్లాసుకు సరిపోయే లెసన్‌ ప్లాన్‌ రాసివ్వాలి, దాన్ని క్లాసులో చెప్పి చూడాలి. బాగా చేసినవాళ్లలో కొందరికి చైనా, జపాన్‌, కొరియాలకు వెళ్లొచ్చే అధ్యయన యాత్రలు. లెక్క కూడా తేలికే. ఏటా వంద మంది పిల్లలకు చెప్పే టీచరు ఇరవై ఏళ్ల సర్వీసులో రెండు వేల మందిని చూస్తారు. పిల్లలకు నేరుగా చెప్పడం కంటే టీచరుకు చెప్పడం ఎందుకు లాభమో దీన్నిబట్టే తెలుస్తుంది.

కరోనాతో బడులు మూతపడ్డ 2020 తర్వాత ఈ సెమినార్లలో చాలావరకు ఆన్‌లైన్‌లోకి మారాయి. కొంత పాఠం ముందే రికార్డు చేసి పెట్టడం, చదవాల్సినవి చదివి రమ్మనడం, వారానికోసారి అందరూ ప్రత్యక్షంగా కలిసి మాట్లాడుకోవడం. పెద్ద యూనివర్సిటీకి కూతవేటు దూరంలో ఉన్న టీచర్లకే దక్కిన అవకాశం, మారుమూల పల్లె బడిలో ఏడు క్లాసులూ ఒక్కరే చూసుకునే టీచరుకూ దక్కింది.

అయిదు మీటర్ల ఊరు

ఈ శిక్షణల్లో టీచర్లు ఇష్టంగా పట్టుకెళ్లే పాఠాల్లో ఒకటి కొలంబియా వారి ‘ఏషియా ఫర్‌ ఎడ్యుకేటర్స్‌’ వెబ్‌సైట్‌లో ఉంది. అంతా ఒకే ఒక్క బొమ్మ చుట్టూ తిరుగుతుంది. చైనాలో సాంగ్‌ వంశ కాలంలో, 12వ శతాబ్దంలో జాంగ్‌ జెదువాన్‌ వేసిన పట్టు చుట్ట అది. ఎత్తు పాతిక సెంటీమీటర్లు కూడా ఉండదు, పొడవు అయిదు మీటర్ల పైమాటే. అసలుది బీజింగ్‌ ప్యాలెస్‌ మ్యూజియంలో ఉంది. మన చేర్యాల పటాన్ని పైనుంచి కిందికి విప్పుకుంటూ కథ చెబుతారు కదా, ఇది కుడి నుంచి ఎడమకు విప్పుకుంటూ చూసే ఊరు. పొలాలతో మొదలై, నది వెంబడి నడిచి, కోట ద్వారం దాటి నగరంలోకి తీసుకెళ్తుంది. ఆ నగరం అప్పటి రాజధాని కైఫెంగ్‌ అని ఎక్కువమంది పండితుల మాట.

బొమ్మకు గుండెకాయ లాంటి చోట ఓ చెక్క వంతెన ఉంది, నది మీద ఇంద్రధనుస్సులా వంగి. దాని కిందికి ఓ పెద్ద పడవ వచ్చేసింది. తెరచాప కొయ్య ఇంకా పూర్తిగా దించలేదు. పడవవాళ్లు గాభరాగా గెడలు పట్టుకుని తంటాలు పడుతున్నారు. వంతెన మీది జనం పిట్టగోడ మీదుగా ఒంగి, చేతులూపుతూ అరుస్తున్నారు. అదే వంతెన మీద ఎదురెదురుగా పల్లకీ ఒకటి, గుర్రపు రౌతు ఒకడు. ఎవరు ఎవరికి దారివ్వాలో తేలడం లేదు. చుట్టూ అంగళ్లు, గొడుగుల కింద తినుబండారాలు. ఇంకాస్త ముందుకెళ్తే కోట గుమ్మంలోంచి ఒంటెల వరుస బయటికొస్తోంది.

ఒంటె కనిపించిందంటే ఎడారి దారి వ్యాపారం ఉన్నట్టే. పడవల బరువు చూస్తే రాజధానికి ధాన్యం ఎక్కడి నుంచో వస్తోందని అర్థమవుతుంది. ఇంత బజారు నడవాలంటే చిల్లర కావాలి, చిల్లర మోయలేకపోతే కాగితం కావాలి. సిచువాన్‌లో వర్తకులు వాడుకుంటున్న కాగితపు నోట్లను 11వ శతాబ్దం మొదట్లోనే సాంగ్‌ ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. కదిలే అచ్చు అక్షరాలు, దిక్సూచి సూది, తుపాకి మందు వాడకం కూడా ఆ కాలం లెక్కల్లోవే. సరిగ్గా ఇదే సాంగ్‌ దర్బారుకు 1015లో రాజరాజ చోళుడు పంపిన రాయబారులు చేరారు. టీచరు ఇవన్నీ పిల్లలకు జాబితాగా అప్పజెప్పనక్కర్లేదు. బొమ్మలో వేలు పెట్టి, ‘ఇతనేం చేస్తున్నాడు’ అని అడిగితే చాలు.

కంప్యూటర్‌ తెర ఇక్కడ నిజంగా అక్కరకొచ్చింది. అయిదు మీటర్ల పట్టు చుట్టను పాఠ్యపుస్తకంలో అచ్చేస్తే చీమల బారులా ఉంటుంది. తెర మీద పడవ తాడు ముడి దాకా పెద్దది చేసి చూడొచ్చు. చైనాలోని దున్హువాంగ్‌ బౌద్ధ గుహల సంగతీ అంతే. 1900లో బయటపడిన గ్రంథాల గుహలోని రాతప్రతులు, పటాలు లండన్‌, పారిస్‌, ఢిల్లీ, బీజింగ్‌లకు చెదిరిపోయాయి. అచ్చయిన తేదీ ఉన్న అతి పాత సంపూర్ణ పుస్తకంగా పేరొందిన క్రీ.శ. 868 నాటి వజ్రసూత్రం లండన్‌లో తేలింది. దేశాలన్నీ తిరిగినా ఒకచోట చూడలేనివాటిని బ్రిటిష్‌ లైబ్రరీ 1994లో మొదలుపెట్టిన దున్హువాంగ్‌ ప్రాజెక్టు తెర మీద చేరుస్తూ వచ్చింది. 2016లో చైనాయే ముప్పై గుహలను లోపలికెళ్లి చూసినట్టుగా అందరికీ ఉచితంగా తెరిచింది.

బొమ్మ ముందు, వివరణ వెనక

ఇంత సౌకర్యానికీ ఓ కత్తి అంచు ఉంది. 2006 ఏప్రిల్‌లో అది ఎంఐటీకే తగిలింది. ‘విజువలైజింగ్‌ కల్చర్స్‌’ను పరిచయం చేస్తూ యూనివర్సిటీ వెబ్‌సైట్‌ మొదటి పేజీలో ఓ లింకు పెట్టారు. అది తీసుకెళ్లే యూనిట్‌ 1894-95 నాటి చైనా-జపాన్‌ యుద్ధం మీద. ఆ కాలంలో జపాన్‌లో వెల్లువెత్తిన యుద్ధ ప్రచార చిత్రాలు అందులో ఉన్నాయి. ఒకదాంట్లో జపాన్‌ సైనికులు చైనా బందీల తలలు నరుకుతున్నారు. ఆ బొమ్మ విడిగా బయటికొచ్చి, క్షణాల్లో చేతులు మారింది. దాని పక్కన డోవర్‌ రాసిన వివరణ మాత్రం వెంట రాలేదు. జాత్యహంకారాన్ని ఎండగట్టడానికి పెట్టిన బొమ్మ, దాన్ని కీర్తిస్తున్నట్టుగా కనిపించింది. అక్కడ చదివే చైనా విద్యార్థులు భగ్గుమన్నారు. ఇద్దరు ఆచార్యులకూ ద్వేషపూరితమైన ఉత్తరాలు వచ్చిపడ్డాయి. ఆ భాగాన్ని తాత్కాలికంగా తీసేసి, వివరణలు చేర్చి మళ్లీ పెట్టారు.

తప్పు ఎవరిదన్న చర్చ పక్కనపెట్టండి. ఆన్‌లైన్‌లో పాఠం చెప్పేవాళ్లందరికీ ఇందులో హెచ్చరిక ఉంది. బొమ్మకున్న వేగం వాక్యానికి లేదు. వంద పేజీల వ్యాసంలోంచి ఒక్క బొమ్మ ఊడి ఫోన్లలోకి వచ్చేస్తే, అది ఎవరు ఎప్పుడు ఎవరి కోసం గీశారన్న సంగతి వెనకే ఉండిపోతుంది. అందుకే తర్వాతి శిక్షణల్లో టీచర్లకు పదేపదే చెప్పే జాగ్రత్త ఒకటుంది: బొమ్మ చూపించే ముందే గీసినవాడి పేరు, ఏడాది, అది ఎవరి కోసమో చెప్పాలి. గాయం ఇంకా మానని చరిత్ర అయితే క్లాసులో ఆ జాతి పిల్లలు ఉన్నారేమో కూడా చూసుకోవాలి.

చైనా, జపాన్‌ల మధ్య అలాంటి గాయాలు చాలానే ఉన్నాయి. చైనా మీద యుద్ధంలో జపాన్‌ సైన్యం సాగించిన 1937 నాన్‌జింగ్‌ నరమేధం ఒకటి. ఆ యుద్ధాన్ని పాఠ్యపుస్తకాల్లో ఎలా రాయాలన్న గొడవ జపాన్‌లోనే దశాబ్దాలు నడిచింది. ప్రభుత్వం తన పుస్తకాన్ని కత్తిరిస్తోందని చరిత్రకారుడు ఇయెనాగా సబురో 1965లో కోర్టుకెక్కితే, ఆయన వేసిన కేసుల్లో చివరిది తేలేసరికి 1997 అయింది. 2005లో చైనా, జపాన్‌, కొరియా పండితులూ టీచర్లూ కలిసి కూర్చుని మూడు దేశాల ఆధునిక చరిత్రను ఒకే పుస్తకంగా రాసి, మూడు భాషల్లో తెచ్చారు. ప్రభుత్వాలు తెగ్గొట్టలేని పంచాయితీలో పాఠం చెప్పేవాళ్లు ఒక అడుగు ముందుకేయగలరని అది చూపించింది.

డబ్బు ఎవరిది?

ఉచితంగా వచ్చే శిక్షణకు ఎవరో ఒకరు ఖర్చు పెట్టుకుంటున్నట్టే. జపాన్‌ ప్రభుత్వం 1972లో జపాన్‌ ఫౌండేషన్‌ పెట్టి భాష, సంస్కృతి నేర్పే పనులకు ఊతమిస్తోంది. చైనా 2004 నుంచి అదే పనికి కన్ఫ్యూషియస్‌ ఇన్‌స్టిట్యూట్లు తెరిచింది. అమెరికాలో వంద దాటిన ఆ కేంద్రాలు, బీజింగ్‌ మాట అక్కడ చెల్లుబాటవుతోందన్న అనుమానాలు ముదిరి, 2018 తర్వాత ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. తియనన్మెన్‌, తైవాన్‌, టిబెట్‌ లాంటి విషయాలు అక్కడ మాట్లాడలేరన్నది విమర్శకుల ప్రధాన ఫిర్యాదు.

ఒక దేశం గురించి ఆ దేశ ప్రభుత్వమే చెప్పేది అబద్ధమని దీని అర్థం కాదు. కాలిగ్రఫీ నేర్పడానికీ, వంట చూపించడానికీ వాళ్లకంటే తగినవాళ్లు ఉండరు. కానీ టీచరు ఒకే కిటికీలోంచి చూస్తే కష్టం. అందుకే హార్వర్డ్‌ ఆచార్యులు పీటర్‌ బోల్‌, విలియం కర్బీ 2013లో ‘చైనాఎక్స్‌’ పేరుతో ప్రాచీన కాలం నుంచి నేటిదాకా చైనా చరిత్రను ఎడెక్స్‌ అనే ఆన్‌లైన్‌ వేదికలో ఉచితంగా పెట్టడం మేలు చేసింది. అయితే అలాంటి భారీ కోర్సులకో తెగులుంది. చేరేవాళ్లు వేలల్లో, చివరిదాకా నిలిచేవాళ్లు కొద్దిమంది. సెమినార్‌లో పాతిక మంది టీచర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, ‘మా ఎనిమిదో తరగతిలో ఇది పేలలేదు’ అని చెప్పుకోవడంలో ఉన్న పట్టు, ఒంటరిగా చూసే వీడియోలో రాదు. మంచి కోర్సును కొలవాలంటే అది ఎన్ని గంటలో చూడటం కాదు, తోటి టీచర్లతో వాదన పెట్టుకునే చోటు ఉందో లేదో చూడాలి.

మద్రాసు సిపాయిలు, కాంటన్‌ వాన

మన సంగతికొద్దాం. ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి ప్రపంచ చరిత్రలో చైనా, జపాన్‌ల ఆధునికీకరణ మీద ఓ అధ్యాయమే ఉంది. పెర్రీ, మెయిజీ పునరుద్ధరణ, నల్లమందు యుద్ధాలు, మావో అందరూ ఉన్నారు. ఆ అధ్యాయం చెప్పే లెక్చరర్‌కు బీఏలోనూ ఎంఏలోనూ తూర్పు ఆసియా ఎంత తగిలిందన్నది ఆ లెక్చరర్లనే అడగాలి. సర్వీసులో ఉన్న టీచర్లకు ‘దీక్షా’ వేదిక 2017 నుంచీ ఉంది, ‘నిష్ఠా’ శిక్షణ 2020లో దాని మీదికే చేరింది. అంటే బండి ఉంది, దారి ఉంది. సరుకు ఎక్కించాలి.

ఆ సరుకు అమెరికా నుంచి ఉన్నదున్నట్టు దించుకుంటే సగమే పనికొస్తుంది. వాళ్ల లెసన్‌ ప్లాన్లు అమెరికా పిల్లల కోసం రాసినవి. మనవాళ్లకు చైనాతో ఉన్న లంకె వేరే. మొదటి నల్లమందు యుద్ధాన్ని మన పిల్లలు ఇంగ్లండ్‌కూ చైనాకూ మధ్య తగవుగా చదువుతారు. కానీ 1839లో చైనా అధికారి లిన్‌ జెషు హుమెన్‌ దగ్గర నాశనం చేయించిన ఇరవై వేల పైచిలుకు పెట్టెల నల్లమందులో ఎక్కువ భాగం పండింది మన నేల మీదే. బీహార్‌ రైతుల చేత గసగసాల పంట వేయించి, సరుకును కలకత్తాలో వేలం వేసింది ఈస్టిండియా కంపెనీ.

యుద్ధానికి వెళ్లినవాళ్లలోనూ మనవాళ్లున్నారు. 1841 మే నెలాఖరున కాంటన్‌ నగరం బయట సన్‌యువాన్‌లి అనే ఊరి దగ్గర వేలాది పల్లె జనం కత్తులు, బల్లేలతో కంపెనీ సేనను చుట్టుముట్టారు. కుండపోత వాన. 37వ మద్రాసు నేటివ్‌ ఇన్‌ఫాంట్రీకి చెందిన ఓ దళం వరి మళ్ల మధ్య తప్పిపోయింది. వాళ్ల చేతుల్లో చెకుముకి తుపాకులు. మందు తడిసి ఒక్కటీ పేలలేదు. నాలుగు వైపులా నిలబడి బాయినెట్లతో కాచుకుంటుంటే, తడికి చెడని కొత్తరకం తుపాకులున్న బ్రిటిష్‌ మెరైన్లు వెతుక్కుంటూ వచ్చి తప్పించారు. చైనా పాఠ్యపుస్తకాల్లో సన్‌యువాన్‌లి విదేశీ దురాక్రమణ మీద సామాన్య జనం తొలి తిరుగుబాటు. ఆ కథలో ఎదుట నిలబడ్డ ‘విదేశీయుడు’ మద్రాసు ప్రెసిడెన్సీ సిపాయి. తమిళులతో పాటు తెలుగువాళ్లూ జీతానికి చేరిన సైన్యం అది.

ఈ ముక్కను ఏలూరులోనో కరీంనగర్‌లోనో క్లాసులో చెబితే పిల్లలు ఊరుకోరు. మనవాళ్లు ఎవరి పక్షాన ఉన్నట్టు? జీతం కోసం వెళ్లినవాడి తప్పెంత? చైనా పిల్లాడు ఇదే పాఠం చదివితే మన గురించి ఏమనుకుంటాడు? పెర్రీ రెండు ముఖాల పాఠం అమెరికా టీచరు చేత వేయించే ప్రశ్నలు కూడా ఇలాంటివే.

మన వైపు నుంచి వెళ్లిన దారులు ఇంకా పాతవి. కృష్ణా తీరంతో ముడిపడిన బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడి రచనలను కుమారజీవుడనే భిక్షువు 5వ శతాబ్దం మొదట్లో చాంగాన్‌లో చైనా భాషలోకి తెచ్చాడు. వాటి మీద చైనాలో ఒక శాఖే ఏర్పడి, జపాన్‌కూ పాకింది. 7వ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్‌ ధాన్యకటకం వచ్చి, కొన్ని నెలలు ఉండి చదువుకున్నాడు. 13వ శతాబ్దం చివర్లో చైనా నుంచి తిరిగి వెళ్తూ మార్కోపోలో మోటుపల్లి గురించీ, దాన్నేలిన రాణి గురించీ రాశాడు. రుద్రమదేవి పాఠం చెప్పే టీచరుకు చైనా పాఠం పక్క గదిలోనే ఉంది.

కొత్తగా మొదలుపెట్టే టీచరుకు

ఒక దేశం, ఒక బొమ్మ చాలు: ‘విజువలైజింగ్‌ కల్చర్స్‌’లో పెర్రీ యూనిట్‌ గానీ, నల్లమందు యుద్ధం యూనిట్‌ గానీ తీసుకోండి. చదువు చెప్పడానికి, లాభాపేక్ష లేకుండా వాడుకోవచ్చు.

సాంగ్‌ చుట్ట కోసం ‘ఏషియా ఫర్‌ ఎడ్యుకేటర్స్‌’ చూడండి. వంతెన ఘట్టం ఒక్కటే ఒక పీరియడ్‌కు సరిపోతుంది.

అమెరికాలోని ఆసియా అధ్యయనాల సంఘం 1996లో మొదలుపెట్టిన ‘ఎడ్యుకేషన్‌ అబౌట్‌ ఏషియా’ పత్రిక పాత వ్యాసాలు ఉచితం. టీచర్లు టీచర్ల కోసం రాసినవి చాలా ఉన్నాయి.

ప్రత్యక్ష సెమినార్‌లో చేరాలనుకుంటే టైం చూసుకోండి. అక్కడ సాయంత్రం అంటే మనకు తెల్లవారుజామే.

క్లాసులో చూపే ప్రతి బొమ్మ కిందా మూడు సంగతులు రాయండి: ఎవరు, ఎప్పుడు, ఎవరి కోసం.

తెలుగులో ఎప్పుడు?

ఇప్పుడున్న సామగ్రి దాదాపుగా అంతా ఇంగ్లిష్‌లో ఉంది. దాన్ని తెలుగులోకి దించడం మొదటి మెట్టు. అసలు పని తర్వాతది. చరిత్ర బాగా చెప్పే పది మంది తెలుగు టీచర్లు, హైదరాబాద్‌లో చైనీస్‌, జపనీస్‌ నేర్పే ఇఫ్లూ యూనివర్సిటీ లాంటి చోట్ల ఉన్నవాళ్లతో కలిసి కూర్చుంటే, ధాన్యకటకం నుంచి సన్‌యువాన్‌లి దాకా ముప్పై గంటల కోర్సు తయారవుతుంది. దానికి కొత్త భవనం అక్కర్లేదు. విమానం టిక్కెట్లు అక్కర్లేదు. దీక్షాలో చోటు, టీచర్లకు సర్వీసులో లెక్కకొచ్చే గంటలు, రాసిన లెసన్‌ ప్లాన్‌ను క్లాసులో చెప్పి చూడాలన్న నిబంధన చాలు.

చైనా మన సరిహద్దులో ఉంది, మన ఫోన్లలో ఉంది, రోజూ వార్తల్లో ఉంది. జపాన్‌ మన పిల్లలు చూసే కార్టూన్లలోనూ, వాళ్లు కలలుగనే ఉద్యోగాల్లోనూ ఉంది. ఈ రెండు దేశాల గురించి పిల్లల దగ్గర అభిప్రాయాలు ఇప్పటికే బోలెడున్నాయి, ఎక్కువగా వాట్సాప్‌ ఇచ్చినవి. వాటికి ఎదురు నిలవగలిగింది క్లాసులో నిలబడ్డ టీచరు ఒక్కరే. ఆ టీచరు చేతికి ముందు సరైన బొమ్మ ఇవ్వాలి, దాన్ని ఎలా చూడాలో నేర్పాలి. ముప్పై గంటలు దానికి పెద్ద ఖర్చేమీ కాదు.